టిక్కుకీ మాటకీ మధ్య

మేనేజరు బల్ల మీద రెండు డబ్బాలు ఉన్నాయి. ఒకటి పాతది. మూలలు అరిగిపోయి, మీటల మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి. రెండోది కొత్తది, దాని మీద అంటించిన ప్లాస్టిక్ పొర కూడా ఇంకా ఊడదియ్యలేదు. రెండూ చేసేది ఒకటే పని. గొంతు పోయినవాళ్ళు మీటలు నొక్కి మాట రాస్తే, దాన్ని పైకి చదివి వినిపిస్తాయి.

"ఇది వినండి" అని మేనేజరు కొత్తదాని మీట నొక్కాడు.

"నమస్కారం. మీకు ఏం కావాలి?" అంది ఒక ఆడపిల్ల గొంతు. అప్పుడే నిద్ర లేచి మొహం కడుక్కుని వచ్చినట్టు తాజాగా ఉంది.

"బాగుంది సార్. కానీ ఇది మన గొంతు కాదు" అంది ఎదురుగా కూర్చున్న ఇంజనీరు.

"మన గొంతేమిటి, మీ గొంతేమిటి డాక్టరమ్మా! గొంతు గొంతే."

ఆఫీసులో అందరూ ఆమెని డాక్టరమ్మ అనే పిలుస్తారు. కొనఊపిరితో ఉన్న పాత మిషన్లన్నీ చివరికి ఆమె బల్ల మీదకే చేరతాయని ఆ పేరు పెట్టారు. కుర్చీలో కూర్చోబుద్ధి కాక ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళి, మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చింది. మేనేజరు చెప్పేది ఆమెకి తెలియనిది కాదు. పాత డబ్బాలోని ప్రాసెసరుని ఇక తయారు చెయ్యడం లేదు. స్టోర్లో మిగిలినవి అయిపోతే కొత్తగా డబ్బా రాదు, చెడిపోయినదాన్ని బాగు చెయ్యడమూ కుదరదు. కొత్త ప్రాసెసరు చవక, ఎన్నో రెట్లు చురుకు, పైగా దాంతోపాటు నాలుగు రెడీమేడ్ గొంతులు ఊరికే వస్తాయి. పాత గొంతు మాత్రం అందులో నడవదు. దాన్ని రాసిన పెద్దాయన అందరూ వాడే ప్రోగ్రాము భాషలో కాకుండా, పాత ప్రాసెసరుకి మాత్రమే తెలిసిన దాని సొంత భాషలో ఒక్కొక్క ఆజ్ఞా చేత్తో పేర్చాడు. కొత్తదానికి అందులో ఒక్క ముక్క తెలియదు. మొదటి నుంచీ మళ్ళీ రాసుకోవాల్సిందే.

"రాయాలంటే నెలలు పడుతుంది. అన్ని నెలల జీతాలు ఎవరికోసం ఖర్చుపెట్టాలి? అసలు ఆ గొంతు వాడేవాళ్ళు ఎంతమంది మిగిలారు?"

"మా అమ్మ వాడుతుంది సార్."

మేనేజరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు, పైనుంచి ఒత్తిడి ఉన్నవాడు. "తెలుసు. అందుకే మీటింగు కన్నా ముందే పిలిచి మీకు చెబుతున్నా. సోమవారం రెడీమేడ్ గొంతు ఖాయం చేసేస్తున్నాం."

"వాడేవాళ్ళని అడిగారా?"

"అడిగితే ఎవరైనా కొత్తది వద్దంటారా?"

"సోమవారం దాకా నాకు టైమివ్వండి. పాత గొంతుని కొత్తదాంట్లో మాట్లాడించి తెస్తాను."

"నెలల పనని చెబుతుంటే..."

"చాలావరకు రాసేశాను సార్."

"ఎవర్నడిగి?"

ఆమె పాత డబ్బా మూలని గోరుతో గీకుతూ నిలబడింది. స్టోర్లో పెట్టెలు తగ్గడం చూసిన రోజు నుంచీ భోజనం గంటలన్నీ దానికే ధారపోసింది. ఆమె చేతులు ఆ గదిలో ఉన్నా మనసు అప్పుడే తన బల్ల దగ్గరికి పరిగెత్తింది.

"సరే" అన్నాడు మేనేజరు. "రెండూ పక్కపక్కన పెట్టి వింటాం. ఏది బాగుంటే అదే. మీ అమ్మగారికోసమని ఎవరూ చెయ్యెత్తరు, ముందే చెబుతున్నా."

ఆ మధ్యాహ్నమే కొత్త డబ్బాలో పాత గొంతు మొదటిసారి నోరు తెరిచింది. "నమ" దాకా బాగానే అంది. "స్కా" దగ్గరికి వచ్చేసరికి రేకు మీద గులకరాళ్ళు కుమ్మరించినట్టు బరబరమంది. పక్క బల్లవాళ్ళు తలలెత్తి చూశారు. ఆమె సౌండు తగ్గించి మళ్ళీ నొక్కింది. మళ్ళీ బరబర.

రెండు రోజులు ఆ బరబరతోనే గడిచాయి. తిండి సయించలేదు. కుర్చీలోంచి లేచి మంచినీళ్ళ దగ్గరికి వెళ్ళేది, నీళ్ళు తాగడం మర్చిపోయి తిరిగొచ్చేది. పెద్దాయన రాసిన ఆజ్ఞల వరసలన్నీ ఒక్కొక్కటే సరిచూసింది, ఎక్కడా తేడా లేదు. తేడా వరసల్లో కాదు, ప్రాసెసరు స్వభావంలో ఉందని గురువారానికి గాని తట్టలేదు. శబ్దం పెద్దదయ్యే కొద్దీ దాని అంకె పెద్దదవుతుంది. అంకె గ్లాసు అంచు దాటబోతే పాత ప్రాసెసరు అంచు దగ్గరే ఆపేసేది. కొత్తది అలా ఆపదు, అంచు దాటగానే గ్లాసుని బోర్లించేస్తుంది. గొంతు హెచ్చిన ప్రతిచోటా ఆ బోర్లింతే బరబరమని వినిపిస్తోంది. పెద్దాయన ఆ సంగతి ఎక్కడా రాయలేదు. ఆయన కాలంలో గ్లాసు తనంతట తనే ఆగేది కాబట్టి రాయాలని తోచి ఉండదు.

అంచు దాటబోయే ప్రతిచోటా ఆమె ఒక కట్ట వేసుకుంటూ వచ్చింది. వేసి, మీట నొక్కింది.

"అన్నం తిన్నావా" అంది డబ్బా.

కొంచెం బొంగురు, కొంచెం ముక్కు కలిసిన గొంతు. ప్రశ్న చివర పైకి లేవాల్సింది లేవదు, అందుకని అది ఏం అడిగినా ఆజ్ఞాపించినట్టే ఉంటుంది. పరీక్షలప్పుడు తెల్లవారకముందే దుప్పటి లాగి ఆమెని లేపిన గొంతు అది. జ్వరం వస్తే తల దగ్గర కూర్చున్న గొంతు. అమ్మకి ఆపరేషన్ కాకముందు ఉన్న గొంతు ఎలా ఉండేదో ఆమెకి ఎంత గుర్తు చేసుకున్నా రాదు. ఆమెకి అమ్మ గొంతంటే ఇదే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్క బల్లవాళ్ళు చూడకుండా కంప్యూటరు తెర వెనక్కి వంగి తుడుచుకుంది.

అయినా ఏదో తక్కువైంది. ఏమిటో తెలియలేదు. అమ్మ గొంతే, కానీ అమ్మ కాదు.

అది రాత్రి భోజనాల దగ్గర తెలిసింది. పై వాటాలో ఉండే మామయ్య ఎప్పట్లాగే వేళకి దిగి వచ్చాడు. ఆయన వస్తే ఇంక ఇంట్లో రేడియో అక్కర్లేదు. ఎవరో వాడిన కారు అమ్మకానికి వచ్చిందని మొదలుపెట్టి, దాని రంగు, దాని సీట్లు, అమ్మేవాడి మెడ పట్టీ దాకా వర్ణించాడు. నాన్న మధ్యలో ఒక మాట అంటే ఆయన నాలుగు అన్నాడు. అమ్మ పళ్ళెం పక్కకి జరిపి డబ్బా దగ్గరికి లాక్కుంది. వేళ్ళు చకచకా కదిలాయి. చివరి మీట నొక్కి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని మామయ్య వైపు చూసింది.

టిక్ మంది డబ్బా.

పాత డబ్బా అంతే. మీట నొక్కగానే టిక్ మంటుంది. తర్వాత వాక్యం మొత్తాన్ని శబ్దంగా మార్చుకునేదాకా ఆగుతుంది. వాక్యం ఎంత పొడుగైతే అంతసేపు. ఆ తర్వాతే నోరు విప్పుతుంది. ఆ టిక్కు విని కూతురు ఉలిక్కిపడింది. తక్కువైంది ఇదే! తన కొత్త డబ్బా నొక్కిన మరుక్షణం మాట్లాడేస్తోంది. అమ్మ అలా మాట్లాడదు. అమ్మ ఒక్క ఊపిరి తీసుకుని, నిదానించి మాట్లాడుతుంది. వీధిలో అందరూ మెచ్చుకునే నిదానం అది. ఆమె బల్ల కింద ఫోను తీసి, టిక్కుకీ మాటకీ మధ్య కాలం కొలవడం మొదలుపెట్టింది.

ఈలోపు మామయ్య కారు వదిలేసి తన పన్ను నొప్పి మీదకి వెళ్ళిపోయాడు.

"దానికి బ్రేకులు ఉన్నాయా చూశావా" అంది అమ్మ డబ్బా.

"పంటికి బ్రేకులేమిటక్కా!" అని మామయ్య పగలబడి నవ్వాడు. నాన్న కూడా నవ్వాడు. అమ్మ పెదాలతో నవ్వి, మీటల మధ్య పడిన మెతుకుని గోటితో తీసింది.

"నీకున్న ఓర్పులో సగం నాకుంటేనా అక్కా, ఈపాటికి నేను ఎక్కడో ఉండేవాణ్ణి" అన్నాడు మామయ్య.

అమ్మ మళ్ళీ మీటలు నొక్కసాగింది. నాన్న పక్కనుంచి వంగి, చిన్న తెర మీద పడ్డ మొదటి మాట చదివాడు. "నాకు... టీయేగా? ఇప్పుడే తెస్తా" అని లేచాడు. ఆయనకి అదొక గర్వం, భార్య మాట సగంలో ఉండగానే అందుకుంటానని. అమ్మ ఆయన వెళ్ళినవైపు ఒకసారి చూసి, రాసింది చెరిపేసింది. టీ వచ్చింది, తాగింది. ఫోను మీద అంకెలు రాసుకునే హడావిడిలో కూతురు ఇదంతా చూసింది గాని పట్టించుకోలేదు.

సాఫ్ట్‌వేరుని ఒక ప్రాసెసరు నుంచి ఇంకోదానికి మార్చేవాళ్ళకి ఒక పద్ధతుంది. పాతది ఎలా చేసేదో కొత్తదీ అచ్చం అలాగే చెయ్యాలి, తప్పులతో సహా. ఏది తప్పో ఏది ఒప్పో తేల్చడం మన పని కాదు, ఇల్లు మారేటప్పుడు సామాను మోసేవాడు విరిగిన కుర్చీని కూడా మోసుకెళ్ళాల్సిందే. ఆ పద్ధతిలో ఆమె ఆరితేరింది. శుక్రవారం రోజంతా కూర్చుని ఆ ఆగడాన్ని కొత్త డబ్బాలో పెట్టింది. పెద్దాయన పద్ధతిలోనే పెట్టింది. ఆయనకి ఎక్కడ కాస్త ఆగాలనిపించినా ప్రాసెసరు చేత ఊరికే అంకెలు లెక్కపెట్టించేవాడు. ఆమె కూడా వాక్యం పొడుగుని బట్టి అంత అంకె దాకా లెక్కపెట్టించింది. పాత డబ్బా, కొత్త డబ్బా పక్కపక్కన పెట్టి ఒకేసారి మీటలు నొక్కింది. టిక్, టిక్. ఊపిరి. రెండూ ఒకే నోటితో మాట్లాడాయి. ఆమెకి లేచి గంతులెయ్యాలనిపించింది. "మొత్తానికి బతికించావు డాక్టరమ్మా" అనుకుంది తనలో తనే.

శనివారం ఆఫీసులో ఎవరూ లేరు. బయటికి ఇచ్చే చివరి ప్రోగ్రాము తయారుచేసి డబ్బాలోకి ఎక్కించింది. ఒకసారి "ఆ" అనిపించి చూసింది. అంది. సంచీలో పెట్టుకుని ఇంటికి వచ్చేసింది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల ముందు పాత డబ్బా తీసేసి అమ్మ ముందు కొత్తది పెట్టింది. "గొంతు నీదేనమ్మా. ఏమీ మారలేదు. వాడి చూసి చెప్పు." అమ్మ మీటల మీద వేళ్ళు ఆడించి చూసుకుంది. అరగని మీటలు ఆమెకి కొంచెం జారుతున్నట్టున్నాయి.

మామయ్య వస్తూనే అందుకున్నాడు. "బావా, ఇప్పుడే ఆ కారు సంగతి తేల్చేశాను. అమ్మేవాడు నన్ను చూసి ముందే హడలిపోయాడు. నేనసలు బేరం మొదలుపెట్టానంటే..."

"కొనేశావు" అంది అమ్మ.

టిక్కూ మాటా ఒకేసారి వచ్చాయి. మామయ్య చేతిలో ముద్ద అలాగే ఆగింది. నాన్న ఎవరు మాట్లాడారా అన్నట్టు తలుపు వైపు చూశాడు.

"అది... కొన్నాననుకో" అన్నాడు మామయ్య తేరుకుని. "చెప్పనివ్వక్కా. ఇంజను చూడాలి నువ్వు! తాళం తిప్పగానే ఏమిటా శబ్దం! అక్కణ్ణుంచి మన వీధి మలుపు దాకా ఒక్కసారి కూడా ఆగకుండా దాన్ని..."

"తోశావు."

నాన్నకి మంచినీళ్ళు పొలమారాయి. దగ్గుతూ నవ్వుతూ, నవ్వుతూ దగ్గుతూ బల్ల పట్టుకున్నాడు. మామయ్య మొదట మొహం ముడుచుకుని, తర్వాత తనే నవ్వేశాడు. "నీకెలా తెలుసు?" అన్నాడు. "చొక్కా వెనక చెమట ఆరలేదు" అంది అమ్మ. ఆ బొంగురు గొంతులో, ఏ ఎగుడుదిగుడూ లేకుండా అనేసరికి నాన్నకి మళ్ళీ పొలమారింది.

కూతురు ఒక్కతే నవ్వలేదు. ఆగడం పోయింది. ఎక్కడో తప్పు జరిగింది. రేపే మీటింగు. "అమ్మా, ఒక్క నిమిషం, అది సరిగ్గా నడవడం లేదు. ఇటివ్వు, బాగుచేసి ఇస్తాను" అని చెయ్యి చాపింది.

అమ్మ డబ్బాని గుండెకి హత్తుకుని, ఒంటి చేత్తో మీటలు నొక్కింది.

"ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతాను."

"అది కాదమ్మా. మాటకి ముందు నువ్వు ఆగుతావు కదా, అది పోయింది. మళ్ళీ పెట్టేస్తాను. అది నీ మాటతీరు. నేను కష్టపడి కొలిచి..."

"నా తీరు కాదు. డబ్బా తీరు."

ఆమె చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. అమ్మ డబ్బాని బల్ల మీద పెట్టి, రెండు చేతులతోనూ చాలాసేపు రాసింది. ఎవరూ మధ్యలో మాట్లాడలేదు. నాన్న వంగి చూడలేదు.

"నేను ఎప్పుడూ వెంటనే మాట్లాడాను. ఆగింది డబ్బా. మీరు ఆగలేదు."

బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళిపోయారు. మామయ్య పళ్ళెంలో వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు. "చిన్నప్పుడు అక్క నోరంటే మా ఇంట్లో అందరికీ హడల్ బావా" అన్నాడు కాసేపటికి, మెల్లగా. "ఆపరేషన్ తర్వాత మనిషి మారిపోయిందనుకున్నాను."

కూతురికి సిగ్గేసింది. గురువారం ఇదే బల్ల దగ్గర, ఇదే కుర్చీలో కూర్చుని, అమ్మ నోరు నొక్కుతున్న ఆ కాస్త కాలాన్ని తను ఫోనుతో కొలిచింది. కొలిచి, మోసుకెళ్ళి కొత్త డబ్బాలో జాగ్రత్తగా దాచింది. మేనేజరుని వాడేవాళ్ళని అడిగారా అని నిలదీసిన మనిషి, ఇంట్లో ఉన్న అమ్మని ఒక్క మాట అడగలేదు.

భోజనాలయ్యాక అడిగింది. ఫోనులో రెడీమేడ్ గొంతు వినిపించి, "నీకు ఏది కావాలమ్మా? నిజం చెప్పు. నా కోసం చెప్పకు" అంది.

అమ్మ చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు విన్నది. "చిన్నపిల్ల గొంతు. దీంతో మీ నాన్నని తిడితే నవ్వుతారు" అంది. తర్వాత, "నాది నాకుంచు. ఆగడం వద్దు."

సోమవారం ఉదయం ఆఫీసుకి అందరికన్నా ముందు వెళ్ళి, తన వరసలు తెరిచి చూసుకుంది. తప్పు దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. కొత్తగా చేరినవాళ్ళు చేసే తప్పు. మనిషి రాసిన ప్రోగ్రాముని ప్రాసెసరుకి అర్థమయ్యేలా మార్చే కంపైలరు, పరీక్షకి నడిపేటప్పుడు ఉన్నదున్నట్టు మారుస్తుంది. బయటికి ఇచ్చే చివరిదాన్ని మాత్రం బిగించి కడుతుంది. పనికిరానివి ఏరి పారేస్తుంది. ఊరికే అంకెలు లెక్కపెట్టడం వల్ల ఎవరికీ ఏ ఉపయోగమూ లేదని అది చూసింది, తీసేసింది. ఆమె "ఆ" అనిపించిన ఒక్క అక్షరంలో ఆ తేడా తెలియలేదు, అంతే. ఆమెకి ఒంటరిగా నవ్వొచ్చింది. ఆ లెక్కపెట్టే వరసలు ఇంకా ఫైల్లో ఉన్నాయి. వాటిని తన చేత్తో చెరిపేసింది.

మీటింగులో మేనేజరు రెండు డబ్బాల మీటలూ ఒకేసారి నొక్కాడు. ఆడపిల్ల గొంతూ, బొంగురు గొంతూ ఒకదాని మీద ఒకటి పడి మాట్లాడాయి. ఆయన కనుబొమలు పైకి లేచాయి.

"పాతది నొక్కాక ఆగేది కదా? మీవాళ్ళ రూలు ప్రకారం అదీ ఉండాలిగా!"

"ఆ ఆగడం గొంతుది కాదు సార్, పాత ప్రాసెసరుది. దాన్ని మోసుకురానక్కర్లేదు."

"నత్తలా నడుస్తుంది, దాంతో మీ పని అయిపోతుందని అనుకుని వచ్చాను" అన్నాడు మేనేజరు దాపరికం లేకుండా. ఒకసారి బొంగురు గొంతుని మళ్ళీ విన్నాడు. "సరే, ఇది కూడా వెయ్యండి. ఎవరికి ఏది కావాలో వాళ్ళు పెట్టుకుంటారు."

"వాళ్ళని పిలిచి అడుగుదాం సార్. ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో వాళ్ళే చెబుతారు."

"మళ్ళీ అదో ఖర్చు" అని గొణిగాడు గాని, కాదనలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నాన్న వంటింటి గుమ్మంలో కెటిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. అమ్మ కిటికీ దగ్గర కుర్చీలో, డబ్బా ఒళ్ళో.

"నీకు టీ..."

"వద్దు."

"ఏం, ఒంట్లో బాలేదా?"

"నాకు టీ ఇష్టం లేదు."

నాన్న కూతురి వైపు చూశాడు, డబ్బా వైపు చూశాడు. "ఇష్టం లేదా? ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

"మరి ఇన్నేళ్ళూ తాగావుగా!"

అమ్మ వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. కూతురు కంగారుగా డబ్బా మీదకి వంగింది, మళ్ళీ ఏదైనా చెడిందేమోనని. తెర మీద ఏమీ లేదు. డబ్బాలో ఏ లోపమూ లేదు. ఆగింది అమ్మే.

నాన్న ఏమీ అందించలేదు. కెటిల్ చేతిలోంచి చేతికి మార్చుకుంటూ నిలబడ్డాడు.

"మీరు కష్టపడి పెట్టారని" అంది అమ్మ.

ఆయన తల దించుకుని కెటిల్ మూత సరిచేశాడు, అది సరిగ్గానే ఉన్నా. అమ్మ మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. తెర మీద మొదటి మాట పడింది. నాకు. నాన్న చదివాడు. నోరు తెరిచాడు. మూసుకున్నాడు. వచ్చి ఎదురుగా కుర్చీలో కూర్చుని, ఆమె పూర్తి చేసేదాకా ఆమె మొహం వంకే చూశాడు.

"నాకు కాఫీ కావాలి. చక్కెర వద్దు."

"ఇంట్లో కాఫీపొడి లేదే" అన్నాడు నాన్న. లేచి, చెప్పులు వెతుక్కుని దుకాణానికి బయల్దేరాడు.